సగం ట్యాంక్ అయ్యేసరికి ఆగిపోతున్న మోడల్ విమానపు 46 ఇంజన్: బరంపురంలో బాగానే ఉంది, కోరాపుట్ తెచ్చాకే ఈ బాధ

కొండగాలి (కోరాపుట్)
అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా మేనమామ బరంపురంలో ఉంటారు. 2004లో ఆయన చేత్తో కట్టిన రేడియో కంట్రోల్ విమానం ఒకటి ఉంది, హైవింగ్ ట్రైనర్ (రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ల రకం). రెక్క 60 అంగుళాలు, అంతా బాల్సా అనే తేలిక కర్ర, ఇంధనం పోయకుండా 2 కిలోల 400 గ్రాములు. ఇంజన్ 46 సైజు, అంటే 7.5 సీసీ. ప్రొపెల్లర్ 11x6. చూపు తగ్గడంతో 2019 నుంచి ఆయన ఎగరేయడం మానేశారు. మొన్న దసరాకి వెళ్తే అటక మీద నుంచి దింపించి, "ఇక్కడ దుమ్ము కొట్టుకుపోతోంది, నువ్వు తీసుకుపోరా" అన్నారు.

బరంపురంలోనే కడిగి, కొత్త ప్లగ్ వేసి, రిసీవర్ మార్చి 2.4 గిగాహెర్ట్జ్‌ది పెట్టాను. అక్కడ నాలుగు సార్లు ఎగిరింది. నాకు భయం కాబట్టి మూడేసి నిమిషాలు తిప్పి దింపేశాను. ఇంజన్ గడియారంలా నడిచింది.

ఇక్కడికి తెచ్చాక కథ మారింది. ఊరి బయట కోసేసిన చోడి చేను ఒకటి చదునుగా ఉంది. మొదటి రోజు విపరీతంగా పొగ, ఫుల్ థ్రాటిల్‌లోనూ బొడబొడమని చప్పుడు, నేల వదలడానికే చాలా దూరం పరిగెత్తింది. సరే రిచ్ అయిందని, అంటే ఇంధనం ఎక్కువ వెళ్తోందని, నీడిల్ (ఇంధనాన్ని పెంచి తగ్గించే సూది మర) 5 క్లిక్‌లు మూశాను. నేల మీద చక్కగా పాడింది, ముక్కు పైకెత్తి చూశాను, చుట్లు తగ్గలేదు. ఎగరేశాను. ఐదు నిమిషాలు బాగుంది. తర్వాత ఎక్కుతుండగా ఒక్కసారి గొంతు సన్నగా అయి, ఈల వేసినట్టు అరిచి ఆగిపోయింది. పక్కనే ఉన్న వలిసె చేలో దించాను. పూలన్నీ రెక్కకి అంటుకున్నాయి గానీ విమానానికి ఏమీ కాలేదు. రైతుకి క్షమాపణ చెప్పి, విరిగిన మొక్కలకి డబ్బులిచ్చి వచ్చాను.

ఆ రోజే మరోసారి, మర్నాడు మరోసారి, ఇదే వరస. ఈ కొండ గాలి ఈ ఇంజన్‌కి పడదేమో అనిపిస్తోంది. మామయ్య సంక్రాంతికి వస్తున్నారు. ఆయన వచ్చేసరికి ఇది సరిగ్గా ఎగరాలి. దయచేసి దారి చూపించండి.

రాయగడ రెంచి (రాయగడ)
తమ్ముడూ, గొంతు సన్నగా అయి ఆగిందంటే లీన్ అయింది, అంటే ఇంధనం చాలలేదు, అంతే. 5 క్లిక్‌లు ఒకేసారి మూయడం ఎక్కువ. 3 వెనక్కి తెరువు. ప్లగ్ కూడా విప్పి తీగ చూడు. మంచి ప్లగ్ తీగ తళతళలాడుతుంది. లీన్‌లో కాలిన ప్లగ్ తీగ బూడిద రంగుకి తిరిగి గరుగ్గా కనిపిస్తుంది. అలా ఉంటే దాన్ని నమ్ముకోకు, పారేయి.

జయపురం లెక్కలు (జయపురం)
రెంచి గారు చెప్పింది సరైనదే, కానీ కొండ గాలి సంగతి కూడా తేల్చుకోవాలి. నాకిది ఇష్టమైన విషయం కాబట్టి లెక్కతో చెప్తాను.

బరంపురం దాదాపు సముద్రమట్టం. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. శీతాకాలం పొద్దున చల్లదనం కొంత కలిసొచ్చినా, బరంపురంలో 25 డిగ్రీల గాలితో పోలిస్తే అక్కడి గాలి 5 నుంచి 7 శాతం పల్చన. కార్బురేటర్‌లోకి వెళ్లే గాలి బరువు తగ్గింది, నీడిల్ మాత్రం దాదాపు అదే ఇంధనం వదులుతోంది. కాబట్టి మిశ్రమం రిచ్ అవుతుంది. మొదటి రోజు మీరు చూసిన పొగ, బొడబొడ చప్పుడు అన్నీ దానివల్లే. నీడిల్ కొంచెం మూయాలి, తప్పదు.

ఇక్కడ చాలామంది మోసపోయేది టాకోమీటర్ (ఇంజన్ చుట్లు కొలిచేది) దగ్గర. ఎత్తులో ఇంజన్ బలం తగ్గుతుంది, పల్చటి గాలిలో ప్రొపెల్లర్ మీద భారం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. అందుకే చుట్లు ఇంచుమించు అవే చూపిస్తాయి. "చుట్లు బాగానే ఉన్నాయి కదా, ఎందుకు లాగడం లేదు" అనుకుంటాం. లాగుడు తగ్గింది, అది టాకోలో కనబడదు. పైగా రెక్క అదే బరువు మోయాలంటే విమానం మూడు నాలుగు శాతం ఎక్కువ వేగంతో పరిగెత్తాలి. నేల వదలడానికి దూరం ఎందుకు పెరిగిందో అర్థమైందా? ల్యాండింగ్‌లో కూడా బరంపురం కంటే వేగంగా దిగుతుంది. కంటికి అలవాటైన వేగానికి తగ్గించబోతే స్టాల్ (వేగం చాలక రెక్క పట్టు తప్పి పడిపోవడం) దగ్గరికి పోతారు, జాగ్రత్త.

సిరోంచ గోదారి (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)
ఇది చదివి నాకు మా ఎండలు గుర్తొచ్చాయి. మాది ప్రాణహిత, గోదావరి కలిసే చోటు. మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. మాకు కొండ లేదు గానీ ఆ వేడికి గాలి పల్చబడుతుంది. లెక్కలు గారూ, ఇక్కడి మే మధ్యాహ్నం గాలి, కోరాపుట్ జనవరి పొద్దుటి గాలి దాదాపు ఒకటేనా?

జయపురం లెక్కలు (జయపురం)
చాలా చక్కగా పట్టుకున్నారు. అవును, రెండూ సముద్రమట్టపు ప్రామాణిక గాలితో పోలిస్తే సుమారు 10 శాతం పల్చన. తేడా ఏమిటంటే, మీ దగ్గర సిలిండర్ తలకి చల్లదనం దొరకదు. కాబట్టి మీరు వేసవిలో నీడిల్ మూయాల్సినంత మూయకండి, ఒక క్లిక్ రిచ్‌గానే ఉంచండి.

కొండగాలి (కోరాపుట్)
రెంచి అన్నా, ప్లగ్ తీగ మీరు చెప్పినట్టే బూడిద రంగులో ఉంది. కొత్తది వేశాను. నీడిల్ 3 క్లిక్‌లు తెరిచి ఈ పొద్దున ఎగరేశాను. మళ్లీ అదే. ఐదు, ఐదున్నర నిమిషాల దగ్గర ఎక్కుతుండగా ఆగింది. ఇంకో 2 తెరిచాను, అంటే పూర్తిగా బరంపురం సెట్టింగ్‌కే వచ్చాను. పొగ కక్కుతూ ఎగిరింది, ఆరు నిమిషాలకి ఆగింది. ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి పిట్ట (పర్లాకిమిడి)
నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఈ మధ్యే 25 సైజు ఇంజన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. రిచ్, లీన్ అనే మాటలు అందరూ వాడుతున్నారు గానీ నాకు మూలం అర్థం కావడం లేదు. స్పార్క్ లేకుండా ఇది అసలెలా మండుతుంది? నీడిల్ తిప్పితే ఎందుకింత తేడా?

ఛత్రపురం బ్యాటరీ (ఛత్రపురం)
కొండగాలి గారూ, ఆ ఇంజన్ తీసేసి బ్యాటరీతో నడిచే బ్రష్‌లెస్ మోటార్ పెట్టేయండి. సంక్రాంతికి ఇంకా టైమ్ ఉంది, రెండు రోజుల పని. నేను అలాగే మార్చాను, హాయిగా ఉంది.

కొండగాలి (కోరాపుట్)
మీ సలహా మంచిదే, రేపు నా సొంత విమానం కట్టుకుంటే అదే చేస్తాను. ఇది మామయ్యది. ఆ ఇంజన్ చప్పుడు వినే ఆయన వస్తున్నారు.

బరంపురం బాల్సా (బరంపురం)
నాలుగు రోజులుగా ఊళ్లో లేను, ఇప్పుడే చూశాను. ముందు కొండగాలికి రెండు ప్రశ్నలు, తర్వాత పిట్టకి జవాబు.

బాబూ, ఆగిన ప్రతిసారీ ట్యాంక్‌లో ఎంత మిగిలింది? ఆగిన వెంటనే చూశావా? రెండోది, నువ్వు ముక్కు పైకెత్తి పరీక్ష చేసినప్పుడు ట్యాంక్ నిండుగా ఉందా, సగం ఉందా?

ఇక పిట్ట తల్లీ. మంచి ప్రశ్న అడిగావు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో నేను మొదట డీజిల్ ఇంజన్‌తో కంట్రోల్ లైన్ విమానాలు (తీగలు పట్టుకుని చుట్టూ తిప్పేవి) తిప్పాను, ఆ తర్వాతే మీ దగ్గరున్న ఈ గ్లో ఇంజన్ ముట్టుకున్నాను. నాకూ అప్పుడు ఇదే సందేహం.

గ్లో ప్లగ్ లోపల ఉన్నది ప్లాటినం కలిసిన చిన్న తీగచుట్ట. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేసినా ఆ తీగ చల్లారదు. మన ఇంధనంలోని మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకగానే ఆ తీగ మీదే వేడి పుడుతుంది. దానికి పిస్టన్ నొక్కిన వేడి, ముందు మంట మిగిల్చిన వేడి తోడవుతాయి. అందుకే దీనికి మిథనాలే కావాలి, పెట్రోల్ పోస్తే నడవదు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ఈ ప్లగ్‌ని అమ్మకానికి తెచ్చేదాకా చిన్న విమానాలు కూడా బ్యాటరీ, కాయిల్, పాయింట్లు మోసుకుంటూ ఎగిరేవి. ఆ బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది.

ఇప్పుడు నీడిల్. ఇందులో స్పార్క్ లేదు కాబట్టి ఎప్పుడు మండాలో మనం చెప్పలేం. మిశ్రమమే చెప్తుంది. ఇంధనం ఎక్కువైతే అంటే రిచ్ అయితే తీగ చల్లబడి ఆలస్యంగా మండుతుంది, ఒక్కోసారి చుట్టు విడిచి చుట్టు మండుతుంది. ఆ బొడబొడ చప్పుడు అదే. ఇంధనం తగ్గితే అంటే లీన్ అయితే వేడి పెరిగి ముందుగానే మండుతుంది, చుట్లు పెరిగినట్టే పెరిగి ఇంజన్ కాగిపోయి ఆగిపోతుంది. ఇంకో సంగతి, మన ఇంజన్‌కి వేరే ఆయిల్ లేదు. ఇంధనంలో కలిపిన ఆముదమే దానికి ప్రాణం. లీన్ చేశామంటే మిథనాల్‌తో పాటు నూనె కూడా తగ్గించేశాం. వేడి పెంచి నూనె తగ్గించడం, రెండు దెబ్బలూ ఒకేసారి.

అందుకని ఎప్పుడూ చేయాల్సింది ఒకటే. ఫుల్ థ్రాటిల్‌లో నీడిల్ మెల్లగా మూస్తూ చుట్లు ఇక పెరగని చోటు పట్టుకో. అక్కడి నుంచి వెనక్కి తెరిచి 200, 300 చుట్లు తగ్గించు. టాకోమీటర్ లేకపోతే ఇంధనపు ట్యూబుని వేళ్లతో ఒక్క క్షణం నొక్కి వదులు. నొక్కగానే చుట్లు కాస్త పెరిగి తర్వాత పడిపోతే సరిగ్గా ఉన్నట్టు. పెరగకుండా నేరుగా పడిపోతే ఇప్పటికే లీన్. చాలాసేపు పెరుగుతూ పోతే బాగా రిచ్. ఈ పని ఎప్పుడూ ప్రొపెల్లర్ వెనక నిలబడి చేయాలి.

రాయగడ రెంచి (రాయగడ)
మాస్టారు చివర్లో రాసిన ముక్కకి నా అనుభవం కలుపుతాను. పిట్టా, తమ్ముళ్లూ, ఇది చదివి వదిలేయకండి. బైక్ మెకానిక్‌ని, ఇంజన్లు నాకు కొత్తేమీ కాదు. అయినా ఒకసారి ఇగ్నైటర్ క్లిప్పు (ప్లగ్‌కి బ్యాటరీ తగిలించేది) తీయడానికి ప్రొపెల్లర్ ముందు నుంచి చెయ్యి పెట్టాను. చూపుడు వేలికి 4 కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి కర్రతోనే తిప్పుతాను, మనిషి ఒకరు తోక పట్టుకుంటే గానీ స్టార్ట్ చేయను, క్లిప్పు వెనక వైపు నుంచే తీస్తాను. ఇంకొకటి, మిథనాల్ మంట పగటి వెలుతురులో కనిపించదు. పొగ ఉండదు, రంగు ఉండదు. ఒలికిన చోట వేడిగా అనిపిస్తే మంటే అనుకోవాలి. దగ్గర తడిగుడ్డ, నీళ్లు పెట్టుకోండి. మిథనాల్ విషం, ఒంటి మీద పడితే వెంటనే కడుక్కోండి, నీళ్ల సీసాలో మాత్రం ఎప్పుడూ పోసి ఉంచకండి.

పర్లాకిమిడి పిట్ట (పర్లాకిమిడి)
మాస్టారూ, రెంచి అన్నా, చాలా థ్యాంక్స్. ఒక ముఖ్యమైన సంగతి అడగాలి. ఆముదం అంటే ఇంట్లో వాడేదేనా? నా దగ్గర ఇంజన్ అమ్మినాయన బైక్‌లకి వేసే 2టీ ఆయిల్ కలుపుకోవచ్చు అన్నాడు. కలిపి చూస్తే సీసాలో నూనె అడుగున వేరే పొరగా నిలబడిపోయింది. కుదిపితే కలిసినట్టే ఉండి, ఐదు నిమిషాలకి మళ్లీ విడిపోతోంది.

బరంపురం బాల్సా (బరంపురం)
ఆ సీసా పక్కన పడేయి తల్లీ, ఇంజన్‌లో పోయకు. 2టీ ఆయిల్ పెట్రోల్‌లో కరుగుతుంది, మిథనాల్‌లో కరగదు. ట్యాంక్‌లో నుంచి ఒకసారి వట్టి మిథనాల్ వెళ్తుంది, ఒకసారి వట్టి నూనె వెళ్తుంది. ఒక్క పరుగులో బేరింగులు, పిస్టన్ పోతాయి. ఆముదం మిథనాల్‌లో శుభ్రంగా కలిసిపోతుంది, అందుకే దీనికి అదే వాడతారు.

కానీ వంటాముదం పనికిరాదు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగించి తీసింది అది. అందులో తడి, జిగురు రెండూ ఉంటాయి. కెమికల్ షాపులో జిగురు తీసిన శుద్ధి ఆముదం అడుగు. లీటర్‌కి 800 మిల్లీలీటర్లు మిథనాల్, 200 మిల్లీలీటర్లు ఆముదం. పల్చని గుడ్డలో కాదు, ఫిల్టర్ పేపర్‌లో వడకట్టు. మూత గట్టిగా బిగించి ఉంచు, మిథనాల్ గాలిలో తడిని లాక్కుంటుంది. మన సముద్రపు ఒడ్డు ఊళ్లలో వానాకాలం సగం రోజు మూత తీసి ఉంచితే చాలు, ఐడిల్ (థ్రాటిల్ తగ్గించినప్పుడు మెల్లగా తిరగడం) నిలబడదు.

ఇంధనంలో బలానికి కలిపే నైట్రోమీథేన్ దొరకడం లేదని బాధపడకు. నైట్రో లేకపోయినా ఇంజన్ చక్కగా నడుస్తుంది. వేడి రకం ప్లగ్ వేయి, నీడిల్ కాస్త మూసుకోవాల్సి వస్తుంది, ఐడిల్ కొంచెం ఎక్కువలో పెట్టుకో. కలకత్తాలో తయారైన అరోరా ఇంజన్లు నేను ఏళ్ల తరబడి ఈ 80, 20 పాళ్లతోనే నడిపాను.

కొండగాలీ, నా ప్రశ్నలకి జవాబు రాలేదు.

కొండగాలి (కోరాపుట్)
క్షమించండి మాస్టారూ, ఈ రోజు డ్యూటీ ఉంది. ఆగినప్పుడు ట్యాంక్ చూశాను. 300 మిల్లీలీటర్ల ట్యాంక్. ఐదుసార్లూ సగానికి కాస్త అటూ ఇటూ మిగిలింది. మొదట నేను దీన్ని పట్టించుకోలేదు. ముక్కు పైకెత్తి చూసింది మాత్రం ఎప్పుడూ నిండు ట్యాంక్‌తోనే. ఎగరేసే ముందు నింపి, పరీక్ష చేసి, వదులుతాను.

బరంపురం బాల్సా (బరంపురం)
అయితే నీడిల్‌ని వదిలేయి. తప్పు దానిది కాదు, కొండది కూడా కాదు.

ఎందుకో చెప్తాను. నీడిల్ 5 క్లిక్‌లు మూసినా ఐదు నిమిషాలే, పూర్తిగా తెరిచినా ఆరు నిమిషాలే. సెట్టింగ్ ఇంత మారినా జబ్బు మారలేదు. మారనిది ఒక్కటే, సగం ట్యాంక్. ఇంధనపు మట్టం ఒక చోటికి దిగగానే గాలి లోపలికి దూరుతోంది. నా అనుమానం ట్యాంక్ లోపల ఉన్న సిలికాన్ ట్యూబు మీద. అది ముందు వైపు ఇత్తడి గొట్టానికి తొడిగి ఉంటుంది, రెండో చివర వెనక గోడ దగ్గర ఇంధనం పీల్చే బరువు గుండు వేలాడుతుంది. గుండు ఎప్పుడూ ఇంధనంలోనే మునిగి ఉంటుంది కాబట్టి మనం దాన్ని నమ్ముతాం. కానీ ముందు వైపు ట్యూబు చిట్లితే? ట్యాంక్ నిండుగా ఉన్నంతసేపు ఆ చిట్లు ఇంధనంలో మునిగి ఉంటుంది, పీల్చినా ఇంధనమే వస్తుంది. మట్టం తగ్గగానే చిట్లు బయటపడి గాలి పీలుస్తుంది. విమానం ముక్కెత్తి ఎక్కుతుంటే ఇంధనమంతా వెనక్కి జరుగుతుంది, ముందు భాగం పూర్తిగా ఖాళీ. అందుకే ఎక్కుతున్నప్పుడే ఆగుతోంది. బరంపురంలో నువ్వు మూడు నిమిషాలే ఎగరేశావు, సగం దాకా రానే లేదు. అందుకే అక్కడ బయటపడలేదు.

రేపు ఇలా చేయి. ట్యాంక్ సగమే నింపు. ఒకరిని పట్టుకోమని చెప్పి, స్టార్ట్ చేసి, ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు నిటారుగా పది సెకన్లు ఎత్తి పట్టించు. నువ్వు ట్యాంక్ నుంచి కార్బురేటర్‌కి వెళ్లే ట్యూబు వైపే చూడు. బుడగలు కనిపిస్తాయా లేదా నాకు చెప్పు.

రాయగడ రెంచి (రాయగడ)
మాస్టారూ, నేనైతే నీడిల్ దగ్గరే తిరిగేవాణ్ని. ఒక ప్రశ్న. కుదుపుకి ఇంధనం నురగ కట్టినా బుడగలు వస్తాయి కదా? దాన్ని ఎలా వేరు చేయడం?

బరంపురం బాల్సా (బరంపురం)
మంచి మాట. నురగ వల్ల వచ్చేవి సన్నటి పాలరంగు బుడగలు, విమానం అడ్డంగా ఉన్నా నిటారుగా ఉన్నా వస్తూనే ఉంటాయి. దానికి మందు ప్రొపెల్లర్ బ్యాలెన్స్ చేయడం, ట్యాంక్ చుట్టూ స్పాంజి పెట్టడం. చిట్లు వల్ల వచ్చేవి పెద్దవి, విడివిడిగా, ముక్కెత్తగానే మొదలై దించగానే ఆగుతాయి.

కొండగాలి (కోరాపుట్)
మాస్టారూ, కనిపించాయి!

పొద్దున ఏడింటికి, ఇంకా మంచు తెరలు ఉండగానే వెళ్లాను. పక్కింటి అబ్బాయి పట్టుకున్నాడు. సగం ట్యాంక్. అడ్డంగా ఉన్నంతసేపు ట్యూబులో ఇంధనం తేనె రంగు గీతలా నిలకడగా ఉంది. ముక్కు ఎత్తగానే మూడు లెక్కపెట్టేలోపు మొదటి బుడగ వచ్చింది. బియ్యపు గింజంత. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. ఇంజన్ గొంతు సన్నబడింది. గాలిలో విన్న గొంతు అదే. వెంటనే దించమన్నాను, మళ్లీ మామూలైంది.

ఇంటికొచ్చి ట్యాంక్ బయటికి తీశాను. సిలికాన్ ట్యూబు గట్టిపడిపోయి పసుపు రంగుకి తిరిగింది. పైకి చూస్తే బాగానే ఉంది. ఇత్తడి గొట్టానికి తొడిగిన చోట వంచితే అప్పుడు నోరు తెరిచింది. అరంగుళం లోపు చిట్లు. ఇత్తడి గొట్టం కోసిన అంచు వేలితో తడిమితే పదునుగా ఉంది, ఏళ్ల తరబడి అదే కోసింది.

ఇంకొకటి చెప్పాలి. ట్యాంక్ కింద స్పాంజి తీస్తే బాల్సా మీద పెన్సిల్‌తో రాసి ఉంది. మామయ్య చేతిరాత. పైన "ట్యూబు" అని రాసి, కింద వరసగా తేదీలు. ప్రతి ఏడాదీ ఒకటి. చివరిది జనవరి 2018. నూనె మరకల్లో సగం చెరిగిపోయాయి గానీ చదవడానికి వస్తున్నాయి. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

బరంపురం బాల్సా (బరంపురం)
మీ మామయ్య పద్ధతి గల మనిషి. ఆ రాతని వార్నిష్ పూసి కాపాడు.

ఇప్పుడు పని. ఇత్తడి గొట్టం అంచుని సన్న ఆకురాయితో గుండ్రంగా అరగదీయి, లోపలి అంచు కూడా. పొడి ట్యాంక్‌లో పడకుండా కడుగు. కొత్త ట్యూబు కోసేటప్పుడు గుండు వెనక గోడని తాకకూడదు, 5, 6 మిల్లీమీటర్లు ఎడం ఉండాలి. ట్యాంక్‌ని తలకిందులు చేస్తే గుండు టక్కున పడి స్వేచ్ఛగా ఊగాలి. పొడుగైతే గోడకి ఒరుసుకుని ఒక మూలే ఇరుక్కుంటుంది. బిగించే ముందు ఒక గొట్టం మూసి, రెండో దానిలో ఊది ట్యాంక్‌ని నీళ్లలో ముంచు, రబ్బరు బిరడా దగ్గర కూడా బుడగలు రాకూడదు. పెట్టేటప్పుడు ట్యాంక్ మధ్యగీత నీడిల్ మట్టానికి సమానంగా గానీ, 6 నుంచి 10 మిల్లీమీటర్లు కిందగా గానీ ఉండాలి. మఫ్లర్ నుంచి ట్యాంక్‌కి వచ్చే ప్రెషర్ ట్యూబు కూడా మార్చేయి, అదీ అంతే పాతది.

ఆ తర్వాతే నీడిల్. బరంపురం సెట్టింగ్ నుంచి 3 క్లిక్‌లు మూసి మొదలుపెట్టు.

జయపురం లెక్కలు (జయపురం)
నేను మొదటి రోజే గాలి సాంద్రత అంటూ మొదలుపెట్టాను. పొగకి కారణం అదే, ఆగిపోవడానికి కాదు. రెండూ ఒకే రోజు కనబడటంతో ఒకే జబ్బు అనుకున్నాం.

కొండగాలీ, ఎగరేసే చోటు గురించి ఒక్క మాట. మన వైపు సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది, జయపురంలో విమానాశ్రయం ఉంది. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో నీ చేను ఏ రంగులో ఉందో చూసుకో. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం మన విమానాలు మోడల్ కోవలోకి వస్తాయి, 25 కిలోల లోపు, సరదాకో చదువుకో, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేయాలి. గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటొద్దు. నేనైతే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి విమానం చూపించి చెప్పి వస్తాను. ఈ జిల్లాలో ఆకాశంలో ఏదైనా తిరిగితే జనం అడుగుతారు, అది న్యాయమే.

కొండగాలి (కోరాపుట్)
చూశాను అన్నా, గ్రీన్‌లోనే ఉంది. స్టేషన్‌లో కూడా చెప్పాను.

సిరోంచ గోదారి (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)
ఇంజన్ ఆగినా ఐదుసార్లూ విమానం ఒక్క గీత పడకుండా దించారు కదా, అది ఎలా చేశారో కూడా రాయండి. నాది పోయినేడు అలాగే ఆగితే నేను తిప్పి వెనక్కి తేబోయాను. మలుపులోనే రెక్క పడిపోయింది.

కొండగాలి (కోరాపుట్)
మామయ్య నేర్పించిందే. గొంతు ఆగగానే ముందు ముక్కు కిందికి. ఎంత ఎత్తులో ఉన్నా అదే మొదటి పని, ఎందుకంటే ఎక్కుతున్న విమానానికి ఇంజన్ పోతే రెండు క్షణాల్లో వేగం పోతుంది. ఎత్తు తక్కువ ఉంటే ఎదురుగా ఏముంటే అక్కడే, చేనైనా తుప్పలైనా. తిరిగి మన దగ్గరికి తేవాలనే ఆశ ఉంటుంది చూడండి, అదే విరగ్గొడుతుంది. ఎత్తు బాగా ఉంటేనే మలుపు, అదీ వెడల్పుగా. చివర్లో అందదనిపించినా ఎలివేటర్ (ముక్కు పైకెత్తే కంట్రోల్) లాగకూడదు, లాగితే సాగదు, ఆగుతుంది. నేల మీదికి మోకాలెత్తు దాకా వచ్చాక మెల్లగా లాగాలి.

పర్లాకిమిడి పిట్ట (పర్లాకిమిడి)
నేను కొన్న సెకండ్ హ్యాండ్ ఇంజన్‌తో పాటు ట్యాంక్ కూడా వచ్చింది. ఇదంతా చదివాక విప్పి నీళ్లలో ముంచాను. బిరడా పక్క నుంచి బుడగలు వస్తున్నాయి! ట్యూబు బాగానే ఉంది, బిరడా స్క్రూ వదులు. బిగించాను, ఆగాయి. ఇంకా ఒక్కసారి కూడా ఎగరేయలేదు, ముందే దొరికింది.

రాయగడ రెంచి (రాయగడ)
శభాష్ పిట్టా. స్క్రూ మరీ బిగించకు, బిరడా ఉబ్బి ట్యాంక్ మెడ పగులుతుంది. మొదటిసారి ఎగరేసేటప్పుడు చెప్పు, గుణుపూర్ మీదుగా వస్తాను, తోక పట్టుకోవడానికి ఒకరు కావాలి కదా.

కొండగాలి (కోరాపుట్)
కనుమ రోజు రాస్తున్నాను. మామయ్య, అత్తయ్య ఇక్కడే ఉన్నారు.

కొత్త ట్యూబులు, అరగదీసిన గొట్టం, స్పాంజి, అన్నీ మాస్టారు చెప్పినట్టే చేశాను. సగం ట్యాంక్‌తో ముక్కెత్తి పది కాదు ఇరవై సెకన్లు పట్టించాను, ఒక్క బుడగ లేదు. టాకోలో శిఖరం 11,800 వచ్చింది, 11,500 దగ్గర ఉంచాను. బరంపురం సెట్టింగ్ నుంచి సరిగ్గా 3 క్లిక్‌లు లోపలికి.

భోగి పొద్దున చేను దగ్గర మామయ్యకి కుర్చీ వేశాను. ఆయనకి విమానం నేల వదిలే దాకా కనిపించింది, తర్వాత కనిపించలేదు. ఎక్కడుందో నేను చెప్తూ ఉన్నాను, "ఇప్పుడు ఎడమకి తిరుగుతోంది, ఇప్పుడు మన నెత్తి మీద". ఏడో నిమిషంలో కావాలనే నిటారుగా ఎక్కించాను. నా చేతులు చల్లబడ్డాయి. ఆగలేదు. పదకొండో నిమిషంలో ఇంజన్ తిరుగుతుండగానే దించాను, ట్యాంక్‌లో రెండు చెంచాలు మిగిలింది.

సాయంత్రం ఇంధనం అంతా కాల్చేసి, లోపల నూనె వేసి, ట్యాంక్ కింద రాత గురించి మామయ్యని అడిగాను. "ప్రతి సంక్రాంతికీ మార్చేవాణ్నిరా, నీకు చెప్పడం మర్చిపోయాను" అన్నారు. పెన్సిల్ తెచ్చి ఆయన చేతికిచ్చాను. నువ్వే రాయి అన్నారు. 2018 కింద ఈ ఏడాది తేదీ వేసి, పక్కన "కోరాపుట్, 3 క్లిక్‌లు" అని రాశాను.

మాస్టారూ, ఆ రాత మీద వార్నిష్ ఏది పూయాలి? ఇంధనం పడితే మామూలుది కరిగిపోతుందేమో.

బరంపురం బాల్సా (బరంపురం)
మామూలు వార్నిష్ వద్దు, నా పొరపాటు. పల్చగా ఎపాక్సీ పూయి, మిథనాల్‌కి కరగదు. కింద కొంచెం చోటు వదిలిపెట్టు, వచ్చే ఏడాది తేదీ రాయాలి.